పునరావాసం తరవాత: భూటాన్ శరణార్థుల ఆత్మహత్యలపై కొన్ని పరిశోధనల పరిశీలన

2013 జులైలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ తన వారపత్రికలో ఒక చిన్న నివేదికను ప్రచురించింది. 2009 ఫిబ్రవరి నుంచి 2012 ఫిబ్రవరి వరకు మూడేళ్ళ కాలంలో, అమెరికాలో కొత్తగా స్థిరపడిన భూటాన్ శరణార్థులలో పదహారుమంది ఆత్మహత్య చేసుకున్నారని అందులో నిర్ధారించారు. వయోభేదాలను సవరించి లెక్కిస్తే అది ఏటా లక్షమందికి 24.4. అమెరికా జనాభా మొత్తానికి అప్పటి రేటు 12.4. పదిహేను ఇరవయ్యేళ్ళు వెదురు గుడిసెలలో గడిపి, చివరికి అద్దె ఇల్లు, బడి, ఆసుపత్రి, పని దొరికే అవకాశం ఉన్న దేశానికి చేరుకున్న మనుషులు, చేరుకున్నాక ఎందుకిలా చనిపోతున్నారన్న ప్రశ్న శరణార్థి పునరావాస కార్యాలయాన్ని కలవరపెట్టింది. ఆ కార్యాలయం కోరిక మీదనే సీడీసీ ఈ పరిశీలనకు పూనుకుంది.

ఆ నివేదికనూ, దానికి ముందు 2011లో అంతర్జాతీయ వలసల సంస్థ ఐఓఎం నేపాల్ శిబిరాలలోనూ అమెరికాలోనూ జరిపిన అధ్యయనాన్నీ, తరవాత వచ్చిన కొన్ని పత్రాలనూ కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను మనోవైద్యుణ్ణి కాను, సాధారణ వైద్యుణ్ణి. అయితే ఈ జనసమూహంలోని రోగులను మొదట చూసేది నాలాంటివాళ్ళే. ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాలలోని కొలంబస్, ఏక్రన్, పిట్స్‌బర్గ్, హారిస్‌బర్గ్ వంటి ఊళ్ళలో వీరి సంఖ్య ఎక్కువ. అవే ఊళ్ళలో తెలుగు వైద్యులూ తక్కువేమీ లేరు. కనుక ఈ పరిశోధనల మంచిచెడ్డలు మనకు దూరపు విషయం కాదు.

నా అభిప్రాయాన్ని ముందే చెప్తాను. ఈ పరిశోధనలు సేకరించిన సమాచారం ప్రధానంగా శరణార్థి ఇంటివైపు, ఆ ఇంట్లో మనిషికి పోయిన స్థానంవైపు వేలు చూపిస్తోంది. ఆ సమాచారం ఆధారంగా నిలబడిన ఆచరణ మాత్రం చాలావరకు ప్రశ్నావళుల దగ్గర, అవగాహన శిక్షణల దగ్గర ఆగిపోయింది.

ఎవరు వీరు?

దక్షిణ భూటాన్‌లో తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటూ వచ్చిన, నేపాలీ మాట్లాడే ప్రజలను ల్హోత్షంపాలు అంటారు. దక్షిణాదివారు అని ఆ మాటకు అర్థం. వీరిలో ఎక్కువమంది హిందువులు. బౌద్ధులు, కిరాతులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. 1985లో భూటాన్ పౌరసత్వ చట్టాన్ని మార్చింది. 1988లో దక్షిణ జిల్లాలలో జనగణన జరిపి, 1958 నాటికి తాము భూటాన్‌లో ఉన్నట్టు రుజువు చూపించమని అడిగింది. ఆ సంవత్సరపు భూమి శిస్తు రసీదు ఉన్నవాడు పౌరుడు. 1957 నాటి రసీదున్నా, 1959 నాటిదున్నా చెల్లలేదని ఎందరో చెప్పుకున్నారు. ప్రజలను ఎఫ్1 నుంచి ఎఫ్7 వరకు ఏడు వర్గాలుగా విడదీశారు; చివరి వర్గం విదేశీయులది. 1989లో ఉత్తరాది వేషధారణనూ ఆచార నియమావళినీ అందరికీ తప్పనిసరి చేశారు, బడులలో నేపాలీ బోధన ఆపేశారు. 1990లో నిరసన ప్రదర్శనలు జరిగాయి, ఆ వెంట అరెస్టులు, చిత్రహింసలు వచ్చాయి. స్వచ్ఛందంగా దేశం వదిలిపోతున్నామని రాసివున్న పత్రాలమీద సంతకాలు పెట్టించి వేలాది కుటుంబాలను సాగనంపారు. వారు అస్సాం, బెంగాల్ మీదుగా నేపాల్ ఆగ్నేయ ప్రాంతానికి చేరారు.

ఝాపా, మొరంగ్ జిల్లాలలో ఏడు శిబిరాలు వెలిశాయి. లక్షమందికి పైగా మనుషులు అక్కడ రేషన్ బియ్యం మీద బతికారు. శిబిరం దాటి పనిచేసుకునే హక్కు చట్టరీత్యా వారికి లేదు. భూటాన్, నేపాల్ ప్రభుత్వాల మధ్య ఎన్నో విడతల చర్చలు జరిగినా వెనక్కి వెళ్ళే దారి తెరుచుకోలేదు. 2006లో అమెరికా అరవై వేలమందిని తీసుకుంటానంది. 2007 చివర మొదలైన పునరావాస కార్యక్రమం కింద ఎనిమిది దేశాలకు మొత్తం 1,13,000 మందికి మించి తరలివెళ్ళారు. వారిలో తొంభై వేలకు పైగా అమెరికాకే వచ్చారు. ప్రపంచంలో జరిగిన పెద్ద పునరావాస కార్యక్రమాలలో ఇదొకటి, నిర్వహణపరంగా విజయవంతమైనదని పేరు పొందింది కూడా. ఈ విజయగాథలోనే ఆ పదహారు మరణాలున్నాయి.

అంకెలను ఎలా చదవాలి?

24.4ను 12.4 పక్కన పెట్టి ‘రెట్టింపు’ అన్నారు పత్రికలవాళ్ళు. లెక్క తప్పు కాదు, కాని రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, పదహారు చిన్న సంఖ్య. గణితరీత్యా చూస్తే మూడేళ్ళలో పదహారు మరణాలు నమోదైనచోట అసలు తీవ్రత తొమ్మిది మరణాలకు సరిపడేదైనా కావచ్చు, ఇరవయ్యారుకు సరిపడేదైనా కావచ్చు. అంటే స్థూలంగా ఆ రేటు లక్షకు పద్నాలుగు నుంచి నలభై మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. కనిష్ఠం తీసుకున్నా అది అమెరికా సగటును దాటుతోంది కనుక ప్రమాదం నిజమే. కాని ఎంత అన్నది ఖాయంగా చెప్పలేము.

రెండవది మరింత ముఖ్యం. ఐఓఎం అధ్యయనం ప్రకారం నేపాల్ శిబిరాలలోనే ఆత్మహత్యల రేటు లక్షకు 20.7. ఈ అంకెను పక్కన పెట్టగానే కథ మారుతుంది. అమెరికా సగటుతో పోలిస్తే, ఇక్కడికి వచ్చాక ఏదో జరిగిందనిపిస్తుంది. శిబిరంతో పోలిస్తే, ప్రమాదం వారి వెంటే వచ్చిందనీ, ఇక్కడి జీవితం దాన్ని తగ్గించలేకపోయిందనీ తోస్తుంది. పైన చెప్పిన పద్నాలుగు-నలభై పరిధిలో 20.7 హాయిగా ఇమిడిపోతుంది. అమెరికా వీరిని చంపుతోందన్న ఆవేశానికీ ఈ అంకెలలో ఆధారం లేదు, అమెరికా వీరిని కాపాడిందన్న ఆత్మసంతృప్తికీ లేదు.

శరణార్థి అయినంతమాత్రాన ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని సూత్రీకరించడం కూడా పొరపాటు. స్వీడన్‌లో జాతీయ రికార్డుల ఆధారంగా జరిగిన పెద్ద అధ్యయనంలో శరణార్థుల ఆత్మహత్యల రేటు స్వీడన్‌లో పుట్టినవారికన్న తక్కువగా తేలింది. రెండు దశాబ్దాలకు మించి అక్కడే నివసించినవారిలో మాత్రం ఆ తేడా చెరిగిపోయింది. వెంట తెచ్చుకున్నదేదో వారిని కొంతకాలం కాపాడిందనుకోవచ్చు. కనుక అడగవలసింది శరణార్థులు ఎందుకు చనిపోతారని కాదు; ఈ సమూహంలో, ఈ పరిస్థితులలో ఏది తెగిపోయిందని.

వెనకటి గాయమా, ఇప్పటి బతుకా?

శరణార్థుల మానసిక ఆరోగ్యం అనగానే వైద్యశాస్త్రం మొదట పీటీఎస్‌డీని వెతుకుతుంది. యుద్ధం, హింస, చెరసాల, ఆ జ్ఞాపకాలు పదేపదే తిరిగిరావడం. అందుకు కారణాలున్నాయి. 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన సమీక్ష, పాశ్చాత్య దేశాలలో స్థిరపడిన సుమారు ఏడు వేలమంది శరణార్థులపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, ప్రతి పదిమందిలో ఒకరికి పీటీఎస్‌డీ ఉందని అంచనా వేసింది. భూటాన్ శరణార్థుల విషయంలోనూ 1998లో జామా పత్రికలో వచ్చిన పరిశోధన, చిత్రహింసలు అనుభవించిన 526 మందినీ అనుభవించని 526 మందినీ పోల్చి, మొదటివారిలో పీటీఎస్‌డీ లక్షణాలు చాలా ఎక్కువని నిరూపించింది. ఆ హింస నిజం, దాని మచ్చలూ నిజం.

కాని సీడీసీ అమెరికాలో చూసినదేమిటి? ఆరిజోనా, జార్జియా, న్యూయార్క్, టెక్సస్ రాష్ట్రాలలో యాదృచ్ఛికంగా ఎంచిన 423 మందిని ప్రశ్నిస్తే కుంగుబాటు లక్షణాలు 21 శాతం మందిలో, ఆందోళన 19 శాతంలో, పీటీఎస్‌డీ 4.5 శాతంలో కనిపించాయి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయన్నవారు 3 శాతం. ఆ ఆలోచనలతో ముడిపడి కనిపించిన సామాజిక కారణాలు మూడు: కుటుంబాన్ని పోషించే స్థితిలో లేకపోవడం, తనకు అండ లేదన్న భావన, పునరావాసం తరవాత ఇంట్లో కలహాలు. భాష రాకపోవడం, వెనక ఉండిపోయినవారి గురించిన బెంగ, అయినవాళ్ళ నుంచి విడిపోవడం, ఆచారాలు నిలుపుకోలేకపోవడం వారు ఎక్కువగా చెప్పుకున్న కష్టాలు.

ఈ జాబితాను మరోసారి చూడండి. ఇందులో 1990 నాటి జైలు లేదు. ఉన్నదంతా గత కొన్ని నెలలది, నాలుగు గోడల మధ్యది. కెన్నెత్ మిల్లర్, ఆండ్రూ రాస్ముసెన్ 2010లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చేసిన వాదన ఇదే: హింస అనుభవించిన సమూహాలలో మానసిక వ్యథకు ఆ హింస ఎంత కారణమో, దాని తరవాతి నిత్యజీవితపు ఒత్తిళ్ళు కూడా అంత కారణమని, హింసను మాత్రమే కొలిచే పరిశోధకులు ఆ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని. సీడీసీ సమాచారాన్ని తీసుకుని హైడీ ఎల్లిస్ తదితరులు 2015లో రాసిన పత్రం ఇంకో మెట్టు ఎక్కింది. తాను ఎవరికీ చెందనన్న భావన, తాను తనవారికి భారమన్న భావన — ఈ రెండూ కలిసినచోట ప్రమాదం పుడుతుందన్న థామస్ జాయినర్ సిద్ధాంతాన్ని ఆ పత్రం భూటాన్ శరణార్థులకు అన్వయించి చూసింది. ఇప్పటివరకు వచ్చినవాటిలో నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచినది ఈ వివరణే. ఎందుకంటే ‘భారం’ అన్న మాట ఈ ఇళ్ళలో నిత్యం వినిపిస్తుంది.

ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. శిబిరంలో ఎవరికీ సంపాదన లేదు. కనుక సంపాదన లేకపోవడం ఎవరికీ అవమానం కాదు. అక్కడ పెద్దమనిషి పెద్దమనిషే. తగవు తీర్చడానికీ, పెళ్ళి కుదర్చడానికీ అతను కావాలి. అమెరికాలో దిగిన కొన్ని నెలలకు పందొమ్మిదేళ్ళ కూతురు గోదాములో రాత్రి షిఫ్టు చేసి అద్దె కడుతుంది. పన్నెండేళ్ళ మనవడు కరెంటు బిల్లు చదివి చెప్తాడు. విమాన ప్రయాణానికి ఇచ్చిన అప్పు వాయిదాలు మొదలవుతాయి. యాభై దాటిన మనిషి ఏ లెక్కలోనూ ఉండడు. అతనికి వృద్ధాప్య భత్యం వచ్చే వయసు కాదు, బడికి పోయి ఇంగ్లీషు నేర్చే వయసూ కాదు.

మన్, దిమాగ్, ఇజ్జత్

సీడీసీ సర్వేలో నన్ను ఎక్కువగా ఆపిన అంకె ఆ 3 శాతం. అమెరికాలోని వయోజనులలో ఒక ఏడాది వ్యవధిలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పినవారు 2008-09 సర్వేలో 3.7 శాతం. రెండు సర్వేల పద్ధతులూ ఒకటి కావు కనుక వీటిని తూకం వేయలేము. అయినా, మరణాల రేటు రెట్టింపున్న సమూహంలో ఆలోచనలు ఎక్కువేమీ లేకపోవడం ఎలా సంభవం? ఆలోచనలు లేవనైనా అనుకోవాలి, మన ప్రశ్నకు అందలేదనైనా అనుకోవాలి. నేను రెండోదే అనుకుంటున్నాను.

వాడిన సాధనాలు చెడ్డవి కావు. కుంగుబాటుకు, ఆందోళనకు హాప్‌కిన్స్ లక్షణ పట్టిక, పీటీఎస్‌డీకి హార్వర్డ్ ట్రామా ప్రశ్నావళి. రెండోది ఆగ్నేయాసియా శరణార్థుల కోసం రిచర్డ్ మోలికా బృందం తయారుచేసినది. వీటిని నేపాలీలోకి అనువదించి వాడారు. ఇబ్బంది మాటల అనువాదంలో కాదు. మాట వెనక మనిషి తనను తాను విభజించుకునే తీరులో ఉంది.

నేపాల్‌లో చిరకాలం పనిచేసిన మనోవైద్యుడు, మానవశాస్త్రజ్ఞుడు బ్రాండన్ కోర్ట్, అతని సహచరులు ఈ సంగతిని 2008లోనూ, ప్రత్యేకించి భూటాన్ శరణార్థుల గురించి 2012లోనూ వివరంగా రాశారు. నేపాలీ మాట్లాడేవారు మన్ వేరు, దిమాగ్ వేరు అంటారు. బాధ, కోరిక, జ్ఞాపకం, దిగులు మన్‌లో ఉంటాయి. నడవడి, విచక్షణ, నలుగురిలో మెలిగే అదుపు దిమాగ్‌వి. మన్ బాధపడటం మానవసహజం, అందులో సిగ్గుపడవలసింది లేదు. దిమాగ్ చెడటం పిచ్చి; అది ఇజ్జత్‌ను తీసేస్తుంది, ఇంట్లో ఆడపిల్లల పెళ్ళిళ్ళ మీదికి వస్తుంది. మానసిక వైద్యం అన్న మాటను దిమాగ్‌తో ముడిపెట్టి అడిగితే ఎవరూ నోరు విప్పరు. మన్ గురించి అడిగితే మాట్లాడతారు.

తెలుగు పాఠకుడికి ఈ తేడా చెప్పనక్కరలేదు. ‘మనసు బాగాలేదు’ అని మనం నలుగురిలో అనగలం. ‘మతి చెడింది’ అని ఎవరి గురించైనా గొంతు తగ్గించే అంటాం. తెలంగాణలో పెరిగినవారికైతే దిమాగ్, ఇజ్జత్ రెండూ ఇంటిమాటలే. ఇజ్జత్ పోవడమంటే ఏమిటో మాకు నిఘంటువు చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. ఇంతా తెలిసినవాణ్ణి నేనే ఈ తప్పు చేశాను.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయన కడుపులో మంట అని వచ్చాడు. గుర్తుపట్టే వివరాలు మార్చి చెప్తున్నాను. వెంట పద్నాలుగేళ్ళ కొడుకు. ఆ రోజు టెలిఫోన్ దుబాసీ కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేకపోయింది. పిల్లవాడి ద్వారానే మాట్లాడాను. మధ్యమధ్య తెలుగు మీడియంలో చదువుకున్న నా హిందీని కూడా ప్రయోగించాను. మేము మామూలుగా అడిగే తొమ్మిది ప్రశ్నలలో చివరిది, చనిపోవాలన్న ఆలోచనల గురించినది. అది అడగగానే పిల్లవాడు నాన్నవైపు తిరగలేదు. నాకే జవాబు చెప్పాడు: “మా నాన్న అలాంటి మనిషి కాదండీ.” నేను ‘లేదు’ అన్నచోట గుర్తు పెట్టాను. రెండు నెలల తరవాత దుబాసీ లైన్లో ఉండగా, దిమాగ్ ఊసెత్తకుండా, మనసు ఎలా ఉందని మాత్రం అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. పొద్దున అందరూ పనికీ బడికీ వెళ్ళాక తలుపు గొళ్ళెం వేసుకుని కూర్చుంటానని, ఎవరైనా తలుపు తడితే ఏం చెప్పాలో తెలియక ఊపిరి బిగబట్టి ఉంటానని చెప్పాడు. చివరికి ఆ తొమ్మిదో ప్రశ్న అడిగితే తల ఊపాడు. ఆ రెండు నెలలూ నేను ఆయనకు కడుపు మంటకు మాత్రలు రాసిచ్చాను.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మైనరు పిల్లలను దుబాసీలుగా వాడకూడదని, అత్యవసరమైతే తప్ప, 2016 నాటి ఆరోగ్యరంగ పౌరహక్కుల నియమాలు చెప్తున్నాయి. తండ్రికి చావాలనుందా అని కొడుకును అడగమనడం తండ్రికీ కొడుక్కీ కూడా అన్యాయం. సర్వేలోని 3 శాతంలో ఇలాంటి ‘లేదు’లు ఎన్ని కలిశాయో ఏ పరిశోధకుడూ లెక్కించలేడు. 

రైతు, శరణార్థి

ఇక్కడ ఒక పోలిక నన్ను వదలడం లేదు. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తిరైతులు వరసగా ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు తెలుగు సమాజం వాటిని జబ్బుగా చూడలేదు. పురుగు అన్నాం, నకిలీ మందులన్నాం, వడ్డీ వ్యాపారి అన్నాం, ఎండిన బోరు అన్నాం. అది సరైన చూపే. కాని ఆ చూపులో ఒక లోపం ఉండిపోయింది. ఎక్స్‌గ్రేషియా గురించి జరిగినంత చర్చ, ఆ రైతు చివరి నెల రోజులూ నిద్రపోయాడా, అన్నం తిన్నాడా, ఊళ్ళో ఎవరైనా అతన్ని కూర్చోబెట్టి అడిగారా అన్నదాని గురించి జరగలేదు. అప్పు ఉన్న వందమందిలో ఎవరు ప్రమాదంలో ఉన్నారో గుర్తించే వైద్యం ఆ ఊళ్ళకు చేరలేదు.

భూటాన్ శరణార్థి విషయంలో ఇది తలకిందులైంది. ఇక్కడ ప్రశ్నావళులున్నాయి, కోత అంకెలున్నాయి, మాత్రలున్నాయి. అతని అప్పు, అతని పని, అతని ఇంటిపెద్దరికం మాత్రం ‘సామాజిక కారకాలు’ అన్న ఒక్క గడిలో సర్దుకున్నాయి. రెండు సందర్భాలలోనూ చనిపోయిన మనిషి ఇంచుమించు ఒకడే: నేలను నమ్ముకుని బతికిన గృహస్థు, పోషించవలసినవాడు పోషించలేకపోయినవాడు. ఒకచోట అతని మనసును వదిలేశాం, మరోచోట అతని బతుకును. ఏ ఒక్కటి చాలదన్నది ఈ రెండు అనుభవాలూ కలిపి చదివితే తెలుస్తుంది.

ఇది పరిశోధకులను తప్పుపట్టడం కాదు. ఐఓఎం నివేదిక పేరే ‘నేనెవరిని?’ అన్న ప్రశ్న. ఆ ప్రశ్నను ఆ రచయితలు శ్రద్ధగా విన్నారు. సీడీసీ బృందం పదహారుమందిలో పద్నాలుగుమంది ఆప్తులతో మాట్లాడి, వారి చివరి రోజులను తిరిగి నిర్మించడానికి ప్రయత్నించింది. సామాజిక మద్దతు పెంచాలన్న సూచన వారి సిఫారసులలో ఉంది. ఆ తరవాత భూటానీ సంఘాల పెద్దలకే మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చారు. అది నిజంగా మంచి పని. కాని కుటుంబ పోషకుడు కాలేకపోవడమే ప్రమాదమని తేల్చిన నివేదిక, ఆ స్థితిని తయారుచేస్తున్న నియమాల జోలికి వెళ్ళలేదు.

ఎనిమిది నెలలు, ఏడేళ్ళు

ఆ నియమాలేమిటి? అమెరికా 1980 శరణార్థి చట్టం వచ్చినప్పుడు నగదు సహాయం గరిష్ఠంగా 36 నెలలు ఉండేది. 1982లో 18, 1988లో 12, 1991లో 8 నెలలకు తగ్గించారు. భూటాన్ శరణార్థులు వచ్చిన కాలమంతా ఇదే లెక్క. 2021లో మళ్ళీ పన్నెండుకు పెంచారు. 2025 మేలో నాలుగుకు కుదించారు. త్వరగా స్వయంపోషకులు కావాలన్నదే ఈ విధానం మొదటి సూత్రం. ఇరవయ్యయిదేళ్ళ యువకుడి విషయంలో అది బాగానే పనిచేస్తుంది. కొండ వాలున ఏలకులు, నారింజలు పండించి, ఆపైన ఇరవయ్యేళ్ళు ఏ పనీ చేయనివ్వని శిబిరంలో ఉన్న యాభైయేళ్ళ మనిషికి ఎనిమిది నెలల్లో ఇంగ్లీషూ ఉద్యోగమూ రెండూ రావాలనడం, విఫలమవడానికి తేదీ ముందే రాసిపెట్టడమే.

వృద్ధుల సంగతి వేరు. అరవై అయిదు దాటినవారికి, వికలాంగులకు ఎస్ఎస్ఐ భత్యం వస్తుంది. కాని శరణార్థిగా వచ్చినవారికి అది ఏడేళ్ళే. ఈలోగా పౌరులు కావాలి. పౌరసత్వానికి ఇంగ్లీషు, పౌరశాస్త్రం పరీక్ష పాసవాలి. వయసును బట్టి ఇంగ్లీషు నుంచి మినహాయింపు కావాలంటే పదిహేను ఇరవయ్యేళ్ళు శాశ్వత నివాసిగా ఉండాలి. ఏడేళ్ళలో పదిహేనేళ్ళు ఎలా నిండుతాయి? ఒక రసీదు లేక ఒక దేశపు పౌరసత్వం పోగొట్టుకున్నవారు, అక్షరం రాక మరో దేశపు పౌరసత్వానికి దూరమై, దానితోపాటు కూడు కూడా పోగొట్టుకునే ప్రమాదంలో పడ్డారు. కొడుకు ఇంట్లో ఆ భత్యమే వారి వాటా. అది ఆగితే వారు తమ కళ్ళకు తామే భారమవుతారు.

ఇక్కడ వైద్యుడి చేతిలో ఒక కాగితం ఉంది. మతిమరుపు, కుంగుబాటు, మెదడు దెబ్బ వంటి కారణాల వల్ల చదువు నేర్వలేనివారికి పరీక్ష నుంచి మినహాయింపు కోరుతూ వైద్యుడు నింపే ఎన్-648 అనే ఫారం అది. చాలా పేజీలుంటుంది, బీమా డబ్బు రాదు, మోసాలు జరిగాయని అధికారులు అనుమానంగా చూస్తారు. అందుకే చాలామంది వైద్యులు దాన్ని తప్పించుకుంటారు. అర్హత లేనివారికి రాయడం నేరం. అర్హత ఉన్నవారికి రాయకపోవడాన్ని ఏమనాలో ఒకసారి ఆలోచించుకోవాలి. నిజాయితీగా, వివరంగా నింపిన ఒక్క ఫారం కొందరు వృద్ధుల విషయంలో నేను రాసే మాత్రలకన్న ఎక్కువ పనిచేసిందని నా అనుభవం.

చేయదగినవి

విధానాలను మార్చడం ఒక్క వైద్యుడి వల్ల కాదు. కాని ఈ పరిశోధనలను ఉన్నదున్నట్టు చదివితే, మన పరిధిలోనే మారవలసినవి కొన్ని కనిపిస్తాయి.

దుబాసీ లేకుండా మనసు గురించి అడగకూడదు. ఇంటివారిని కాసేపు బయట కూర్చోమనాలి. మనసుతో మొదలుపెట్టి, నిద్ర, ఆకలి, ఇంటి సంగతుల మీదుగా వెళ్ళి, చావు గురించి సూటిగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయానికి పరిశోధనలలో ఆధారం దొరకలేదు. ‘ఉద్యోగం ఉందా?’ అన్న గడిని నింపి వదిలేయకుండా, ‘ఇంట్లో మీరు లేకపోతే ఆగిపోయే పని ఏమిటి?’ అని అడగాలి. ‘ఏమీ లేదు’ అన్న జవాబును ఛాతీనొప్పి అన్న మాటతో సమానంగా పట్టించుకోవాలి. ప్రమాదం ఉందని తెలిసినవారిని వారంలోపే మళ్ళీ చూడాలి. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చని, దుబాసీని అడగవచ్చని ఇంటిల్లిపాదికీ చెప్పాలి.

వైద్యం వెలుపల కూడా మార్గాలున్నాయి. చాలా ఊళ్ళలో భూటాన్ శరణార్థులు సామూహిక తోటలు వేసుకున్నారు. ఆవాలు, ముల్లంగి, మిరప, కాకర పండిస్తారు. కోత రోజున సంచీ నిండా కూర ఇంటికి తెచ్చే మనిషి ఆ పూటకు పోషకుడే. ఆ తోటకు కావలసింది ఒక ఎకరం నేల, ఒక నీటి కుళాయి, ఒక బీమా పత్రం. మన దేవాలయాల వెనక ఖాళీ నేల ఉన్న ఊళ్ళు నాకు తెలుసు. ఆ దేవాలయాలకు వీరు పండుగలకు వస్తారు, వెనక వరసలో నిలబడి వెళ్ళిపోతారు. వారిలో పౌరోహిత్యం తెలిసినవారున్నారు, భజన పాడేవారున్నారు. వారిని పని అడిగిన కమిటీలను నేను ఎక్కువగా చూడలేదు.

ఈ వ్యాసం రాస్తున్న నాటికి పరిస్థితి ఇంకా కఠినమైంది. 2025 జనవరిలో అమెరికా కొత్త శరణార్థుల రాకను నిలిపివేసింది. అదే ఏడాది మార్చి నుంచి, పాత నేరాల కారణంగా కొందరు భూటాన్ శరణార్థులను భూటాన్‌కే పంపించారు. భూటాన్ వారిని ఉంచుకోకుండా భారత సరిహద్దు దాటించింది. వారిలో కొందరు తిరిగి తిరిగి నేపాల్‌లోని పాత శిబిరాలకే చేరారు. ఆ వార్త వచ్చిన వారం, నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలో పౌరసత్వం ఎప్పుడో తీసుకున్నవారు కూడా ఆ ధ్రువపత్రాన్ని సంచీలో పెట్టుకుని వచ్చారు. రక్తపోటు చూడకముందే దాన్ని బల్లమీద పెట్టారు. ఎవరికీ చెందని భావన అంటే ఏమిటో ఏ ప్రశ్నావళీ నాకు అంత తేటగా చెప్పలేదు. 2012లో లెక్కించినట్టు ఆ మరణాలను మళ్ళీ జాతీయస్థాయిలో, శ్రద్ధగా లెక్కించవలసిన సమయం ఇది. లెక్కించేవారు ఈసారి ఇంటి తలుపు దగ్గర ఆగకుండా, ఆ ఇంట్లో పొద్దుట పది గంటలకు ఎవరు ఒంటరిగా ఉంటున్నారో కూడా రాసుకోవాలి.